ఇంజనీరు వచ్చే వేళకు మోరీ

ఆ బుధవారం పొద్దున శ్రీహరిరావు పెట్టుకున్న పని ఒక్కటే: గల్లీలో ఎవరూ ఏ పనీ చేయకుండా చూడడం. గౌలిపురలోని ఆ గల్లీకి మంచినీళ్ల పైపు మురుగుకాలువలోంచే, అంటే మోరీలోంచే వస్తుంది. మోరీ ఎప్పుడూ నిండే ఉంటుంది. పైపుకు ఎక్కడో చిల్లి పడి మురుగు లోపలికి చేరుతోందని ఆయన పది నెలల్లో పదకొండు అర్జీలు పెట్టాడు. చివరికి నీళ్ల శాఖ ఇంజనీరు సోమశేఖర్ స్వయంగా వస్తానన్నాడు. మురుగులో మునిగిన పైపును ఆయన కళ్లారా చూస్తే చాలు, కొత్త పైపు వచ్చినట్టే.

ఈ పట్టుదలంతా ప్రీతి కోసం. ఎదురింటి గుండయ్య మనవరాలు ఆ పిల్ల. కిందటేడు సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు కామెర్లు వచ్చి ఏడాది పోగొట్టుకుంది. ఈ మార్చిలో మళ్లీ రాయాలి. రోజూ సాయంత్రం శ్రీహరిరావు దగ్గరే లెక్కలు నేర్చుకుంటుంది. లెక్క చేస్తూ చేస్తూ తలెత్తినప్పుడు పచ్చబడి కనిపించిన ఆ కళ్లను ఆయన మరిచిపోలేకపోయాడు.

అందుకే ముందురోజు ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. "రేపు పదకొండింటికి ఇంజనీరు గారు వస్తున్నారు. గల్లీ ఉన్నది ఉన్నట్టే ఉండాలి." అందరూ బుద్ధిగా తలూపారు. మొదటి వాక్యం వినగానే ఊపారని, రెండోది ఎవరి చెవికీ ఎక్కలేదని పాపం ఆయనకు తెలియదు.

ఎనిమిదింటికి బయటికొచ్చి చూస్తే మోరీ అడుగు కనిపిస్తోంది. పైపు పొడిగా, బుద్ధిమంతుడిలా పడుకుని ఉంది. గుండయ్య కాళ్లు కడుక్కుంటున్నాడు. మున్సిపాలిటీలో మోరీలు తీసే ఉద్యోగం అతనిది.

"ఏమిటయ్యా ఈ పని?" అన్నాడు శ్రీహరిరావు నీరసంగా.

"గీ గల్లీ డ్యూటీ నాదే గద సార్. మోరీ నిండుంటె గుండయ్య ఏం పని జేస్తుండు అనడా ఆఫీసరు?"

"మరి రోజూ తీయవేం?"

"పదమూడు గల్లీలకు నేనొక్కన్నె సార్. ఇయ్యాల లీవ్ పెట్టి తీసిన."

సెలవు పెట్టి మరీ డ్యూటీ చేసిన మనిషిని ఏమని తిట్టాలో శ్రీహరిరావుకు తోచలేదు. ఈలోగా గుండయ్య భార్య లీలమ్మ గల్లీ మొత్తం ఊడ్చి నీళ్లు చల్లింది. చర్చి నుంచి నాలుగు కుర్చీలు తెప్పించింది. పాల బాలకిషన్ తన బర్రెలను పక్క గల్లీకి తోలి, అవి కట్టేసే చోట సున్నం గీతలు గీశాడు.

"గలీజుల పెద్దమనిషి ఎట్ల నడుస్తడు సార్? మన ఇజ్జత్ ఏం గావాలె?" అంది లీలమ్మ.

మన కంపు మనం రోజూ భరిస్తాం గానీ ఇంటికొచ్చిన మనిషికి చూపించాలంటే ప్రాణం ఒప్పదు. తీసిన పూడికను తిరిగి పోద్దామంటే అది అప్పటికే బాలకిషన్ బండిలో వెళ్లిపోయింది. కనీసం పైపయినా తడిపి చూపిద్దామని శ్రీహరిరావు పంచె ఎగ్గట్టి, బకెట్ల కొద్దీ నీళ్లు తెచ్చి మోరీలో కుమ్మరించాడు. ఆ నీళ్లు ఎక్కడా ఆగకుండా గలగలా సాగిపోయాయి. నాలుగో బకెట్ చేతిలో ఉండగా వెనక జీపు ఆగింది.

"మీ గల్లీ మోరీ మీరే కడుగుతారా?" అన్నాడు సోమశేఖర్, మనసారా మెచ్చుకుంటూ. "సిటీ అంతా మీలా ఉంటే మాకు పనే ఉండదు మాస్టారూ."

కుర్చీలో కూర్చుని, పైపును దూరం నుంచే చూసి, ఫైల్లో రాశాడు: 'మురుగు లేదు. ఫిర్యాదు నిరాధారం.' శ్రీహరిరావు పది నెలలూ ఆ రెండు మాటల్లో కొట్టుకుపోయాయి. ఎదురు గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ ప్రీతి వైపు చూడలేక ఆయన తల దించుకున్నాడు.

అక్కడితో ఇంజనీరు వెళ్లిపోవాల్సిందే. కానీ శ్రీహరిరావు భార్య కమలకుమారి తెనాలి మనిషి. వచ్చినవాళ్లను తినకుండా పంపడం ఆమె వంశంలోనే లేదు. గారెలు, అల్లం పచ్చడి తెచ్చి పెట్టింది. ఆయన రెండన్నాడు, ఆమె ఆరు వేసింది. వేడి వేడివి ఇంకో వాయి వచ్చేదాకా కదలనివ్వలేదు.

తినడం అయ్యేసరికి ఒంటిగంట. కాచిన నీళ్ల చెంబు కోసం కమలకుమారి లోపలికి వెళ్లింది. వాకిట్లో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని నల్లా సరిగ్గా అప్పుడే గురగురమంది. సోమశేఖర్ లేచి దాని కింద చేతులు పెట్టాడు. "ఆగండి" అనబోయి శ్రీహరిరావు నోరు మూసుకున్నాడు. వచ్చిన అతిథిని చూస్తూ చూస్తూ ఆపకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

నల్లగా, చిక్కగా వచ్చింది. మొన్నటి నుంచి పైపులో నిలవ ఉన్నదంతా ఆయన చేతుల మీదే పడింది. గల్లీ అంతటికీ అలవాటైన ఆ వాసన ఆయనకు కొత్త.

"రోజూ ఇంతేనా?" అన్నాడు, చేతులు దూరంగా చాపి.

"లేదండీ. ఇవాళ గుండయ్య మోరీ తీశాడు కనక కాస్త నయం," అంది చెంబుతో తిరిగొచ్చిన కమలకుమారి.

"మొదటి రెండు బకెట్లు పారబోస్తం సార్," అంది లీలమ్మ, దాచడానికి ఇంకేమీ లేక. "మిగిలినయి తాగుతం. పోయినేడు మా పిల్లకు కామెర్లయినయి."

సోమశేఖర్ సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, రాసిన రెండు వాక్యాలనూ కొట్టేశాడు. మూడు వారాల్లో మోరీకి దూరంగా కొత్త పైపు పడింది. ప్రీతి ఆరోగ్యంగా ఒక్క పరీక్షా మానకుండా రాసింది. ఆఖరి రోజు గుండయ్య గల్లీ అందరికీ లడ్డూలు పంచాడు, శ్రీహరిరావు కళ్లు తుడుచుకున్నాడు.

అద్దంలాంటి మోరీని కూడా సోమశేఖర్ మరిచిపోలేదు. ఆయన మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం పై అధికారులకు చేరింది. అంత పనిమంతుడు ఆ గల్లీలో ఉండడం అన్యాయమని వాళ్లు గుండయ్యను పెద్ద అధికారుల కాలనీకి బదిలీ చేశారు. జూన్‌కల్లా మోరీ పొంగి గుమ్మాల దాకా వచ్చింది.

శ్రీహరిరావు పన్నెండో అర్జీ పెట్టాడు. ఈసారి ఆఫీసరు వచ్చే తేదీ గల్లీలో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ ముందురోజు కమలకుమారి మినప్పప్పు నానబోసింది.