తెమ్యోంగ్‌కి చావు డ్యూటీ

శనివారం పొద్దున సైరన్ మోగించాలి. ఏటి ఒడ్డు వాళ్లంతా గుట్ట మీది బడికి ఎక్కాలి. అక్కడ అన్నం తిని మళ్లీ దిగిపోవాలి. మేదింగ్ వేసుకున్న పథకం ఇంతే.

కాబుతియన్ బరంగాయ్‌లో, అంటే ఆ చిన్న ఊళ్లో, వరదొచ్చినా తుఫానొచ్చినా జనాన్ని కదిలించే పని మేదింగ్‌ది. కిందటేడు ఆమె సైరన్ మోగిస్తే బడికి వచ్చినవి మూడు కుక్కలు. ఆ తర్వాత నెలకే నిజంగా ఏరు పొంగింది. ఒడ్డున ఉన్న ఈసింగ్ మామ్మను ఇంటికప్పు మీద నుంచి, పందెం కోడితో సహా, పడవలోకి దించాల్సివచ్చింది. అప్పటినుంచీ చినుకు పడితే చాలు, మేదింగ్‌కి నిద్ర ఉండదు. ఇప్పుడేమో రెండు రోజులుగా కొండల వైపు ఆకాశం నల్లగా ఉంది. ఇవాళైనా వీళ్లకు గుట్ట ఎక్కడం అలవాటు చేయకపోతే ఈసారి పడవ అందుతుందో లేదో అన్నది ఆమె బెంగ.

అందుకే ఈ ఉత్తుత్తి వరద విన్యాసం అచ్చం నిజంలా ఉండాలనుకుంది. పట్నం నుంచి ఆఫీసరు కూడా చూడవస్తున్నాడు. కిరాయికి ట్రైసికిల్ బండి తోలే తెమ్యోంగ్‌కి చావు డ్యూటీ వేసింది.

"కదలకూడదు, నవ్వకూడదు," అంది అతని నుదుటికి నెత్తురులా ఎర్రటి అరటి కెచప్ పూస్తూ.

"అన్నంలోకి ఏంటక్కా?"

"చచ్చినోడికి అన్నమెందుకురా?"

"అలాగైతే ఇంకెవడినైనా చంపుకో."

వేయించిన చేప ఇస్తానన్నాక తెమ్యోంగ్ స్ట్రెచర్ మీద పడుకున్నాడు. కాలికి చచ్చినవాడి గుర్తుగా నల్ల రిబ్బను కట్టారు, ముఖం మీద మేదింగ్ దుప్పటి కప్పింది. రాత్రంతా బండి తోలిన మనిషి కావడంతో చేప గురించి ఆలోచిస్తూనే నిద్రపోయాడు. మోసే ఇద్దరినీ మేదింగ్ గట్టిగా హెచ్చరించింది. "ఎవరడిగినా ఇది ఉత్తుత్తిదని చెప్పొద్దు. మళ్లీ సైరన్ మోగేదాకా నిజమే అనుకోవాలి."

సైరన్ మోగింది. ఏటి ఒడ్డున ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"నిజమైంది వచ్చినప్పుడు చెప్పమ్మా, వస్తాం," అని ఒకావిడ బట్టలు ఆరేసుకుంటూనే అరిచింది.

"నా కోడికి ఎండ పడదు," అంది ఈసింగ్ మామ్మ కిటికీలోంచి.

ఎండ ఎక్కడా లేదు.

స్ట్రెచర్ మాత్రం అనుకున్న ప్రకారం కదిలింది. బడికి దారి సంతలోంచే. అక్కడ ఎండుచేపలు అమ్మే చారింగ్, తెమ్యోంగ్‌కి పిన్ని. దుప్పటి కింద కనిపించిన చెప్పులు గుర్తుపట్టి ముసుగు తీసింది. ఎర్రటి నుదురు, తెరిచిన నోరు చూసింది.

"ఒరే, ఏమైందిరా వీడికి?"

మోసేవాళ్లకు మేదింగ్ మాట గుర్తొచ్చింది. "ఏట్లో దొరికాడు పిన్నీ," అన్నారు బరువుగా.

చారింగ్ చేపల బుట్ట అక్కడే వదిలేసి, కబురు చెబుతూ తెమ్యోంగ్ ఇంటికి పరుగెత్తింది. మోసేవాళ్లు తెమ్యోంగ్‌ని బడి వెనక గదిలో, శవాలకు కేటాయించిన చోట, జాగ్రత్తగా దించారు. అతను గురక పెట్టలేదు. పెట్టి ఉంటే కథ అక్కడే ముగిసేది.

తెమ్యోంగ్ ఇల్లు గుట్ట మీదే, బడికి అవతల. కాసేపట్లో ఆ ముంగిట్లో గుడారం లేచింది. అది కపితాన్ బాదోంగ్‌ది. ఊరికి పెద్ద కాబట్టి, ఎవరు పోయినా తన పేరు అచ్చేసిన గుడారం, కాఫీ, బిస్కెట్లు ముందు పంపించి, పోయిందెవరో తర్వాత కనుక్కోవడం ఆయన అలవాటు. ఈసారి విన్యాసం కోసం వండిన అన్నం, చేపలు కూడా పంపించేశాడు. చావింటి ఆనవాయితీ ప్రకారం పేకాట బల్లలు వేశారు, శవం తర్వాత వస్తుందిలే అనుకున్నారు. సైరన్‌కి కదలని ఏటి ఒడ్డు మొత్తం, చావు కబురు వినగానే పిల్లాజెల్లాతో గుట్ట ఎక్కేసింది. ఈసింగ్ మామ్మ కోడిని చంకన పెట్టుకుని వచ్చి, మంచి బల్ల చూసుకుని కూర్చుంది. తెమ్యోంగ్ భార్య లూమింగ్ పట్నం నుంచి ఇంకా రాలేదు. ఆమె తరఫున చారింగే ఏడుస్తోంది.

బడిలో మేదింగ్, ఆఫీసరు ఖాళీ బెంచీల మధ్య కూర్చున్నారు. జనం రాలేదు. అన్నమూ రాలేదు. అన్నం కోసం వెళ్లిన మనిషి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"అన్నం చావింటికి పోయిందక్కా. తెమ్యోంగ్ చచ్చిపోయాడట. ఏట్లో."

మేదింగ్ చటుక్కున లేచింది. ఆ ముసుగులో నిజంగానే ఊపిరాడలేదా? నా చేత్తోనే కప్పాను కదా! వెనక గదికి వెళ్లి చూసే ధైర్యం లేక, చావింటి వైపు పరుగెత్తింది. వెనకే ఆఫీసరు.

అప్పటికే తెమ్యోంగ్ ఆకలికి లేచి, వెనక తలుపు తీసుకుని ఇంటికి నడిచాడు. గుడారం కనబడింది. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి చేప పెట్టించుకున్నాడు. పేకాట బల్ల దగ్గర వంగి, "ఎవరు పోయారు మామ్మా?" అన్నాడు.

"నువ్వే. తప్పుకో, ముక్కలు కనబడ్డంలేదు," అంది ఈసింగ్ మామ్మ తలెత్తకుండా.

తర్వాత తలెత్తింది.

ఆ కేకకు కోడి కూడా కూసింది. చారింగ్ మూర్ఛపోయింది. అప్పుడే ట్రైసికిల్ దిగిన లూమింగ్, సంగతి విని చెప్పు తీసి భర్తను బాదింది. మేదింగ్ మాత్రం అతని చెంపలు తడిమి తడిమి చూసుకుని ఏడ్చింది.

"బతికే ఉన్నాడుగా. ఇక పదండి, బట్టలు తడుస్తాయి," అని జనం లేచారు. చినుకులు మొదలయ్యాయి.

"ఒక్కసారి బడిలోకి వచ్చి వెళ్లండమ్మా, మీకు పుణ్యముంటుంది!" మేదింగ్ చేతులు జోడించింది. ఎవరూ ఆగలేదు.

"ఆగండెహె!" అంది ఈసింగ్ మామ్మ. "చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోతారా? పోయినోడు వెంటొస్తాడు. మధ్యలో ఎక్కడన్నా ఆగి పోవాలి."

"పోయినోడు చేప తింటున్నాడు కదా మామ్మా!"

"కాఫీ తాగామా? పేకాడామా? చారింగ్ ఏడ్చిందా? ఇంకేం కావాలి? చావిల్లే."

జనం వెనకాడారు. మామూలుగా అయితే మలుపులో కొట్టు దగ్గర ఆగేవారు. కొట్టువాడు కూడా ఇక్కడే ఉన్నాడు, కొట్టు మూసి ఉంది. మిగిలింది బడి ఒక్కటే. కాసేపు కూర్చుని పోదామని అందరూ గొణుక్కుంటూ బడిలోకి నడిచారు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాడు. ఏటి ఒడ్డు మనుషుల్లో ఒక్కరూ తక్కువ కాలేదు.

వాళ్లింకా బెంచీల మీద సర్దుకుంటుండగానే కింద నుంచి హోరు వినిపించింది. ఏరు గట్టు దాటింది. ఆరేసిన బట్టలు తాడుతో సహా కొట్టుకుపోయాయి. వాటి వెనకే ఈసింగ్ మామ్మ కిటికీ రెక్క వెళ్లింది. మామ్మ కోడిని గట్టిగా పొదువుకుని, మేదింగ్ పక్కకు జరిగి కూర్చుంది.

ఆ ఏడాది ఊరి విపత్తు పథకంలో ఒక మార్పు జరిగింది: మొదట సైరన్ మోగించాలి, దానికి జనం కదలకపోతే తెమ్యోంగ్ చచ్చిపోవాలి.