దుర్గయ్య ఎడమ బొటనవేలు

ఆ మంగళవారం పొద్దున దుర్గయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కిరాణా కొట్టు తెరవాలి, ఎండ ముదరకముందే బేరాలు ముగించాలి, మధ్యాహ్నం భోజనం కాగానే బస్సులు ఆగేచోట ఉన్న యాకూబ్ దుకాణానికి జారుకోవాలి. యాకూబ్ రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. దుకాణం వెనక గదిలో టీవీకి వీడియో గేమ్ తగిలించి, గంటకింత అని తీసుకుని ఆడిస్తాడు. మర్రిగూడ పక్కనున్న ఆ ఊళ్లో అంతకుమించిన వినోదం మరొకటి లేదు. "కొత్త క్యాసెట్ తెచ్చిన దుర్గన్నా, ఇటుకలాటే, గని జర జోరుగ పడ్తాంది" అని యాకూబ్ నిన్న సాయంత్రం చెవిలో వేసినప్పటి నుంచి దుర్గయ్యకు కాలు నిలవడం లేదు.

నలభైకి దగ్గరపడ్డ మనిషి, నిండు మీసం, నలుగురిలో మాట చెల్లుబాటయ్యే పెద్దరికం. పిల్లలాడే ఆట ఆడుతున్నాడని బయటపడితే ఉన్న పరువు కాస్తా పోతుంది. అందుకని భార్య నర్సింగమ్మకు రేడియో బాగుచేయడం నేర్చుకుంటున్నానని చెప్పాడు. మొగుడు చేతిపని నేర్చుకుంటున్నాడని ఆవిడ వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపెం చూసినప్పుడల్లా దుర్గయ్యకు మనసులో ముల్లు గుచ్చుకునేది. సాయంత్రం కాగానే ఆ ముల్లు ఎటు పోయేదో పోయేది.

తొంభైలు మొదలైన కొత్తలో యాకూబ్ ఆ పెట్టె తెచ్చినప్పటి నుంచీ దుర్గయ్య అన్ని ఆటలూ ఆడి చూశాడు. తుపాకితో బాతుల్ని కొట్టే ఆట నాలుగు రోజులకే మొహం మొత్తింది. కార్లాటలో కారు ఎంత ఉరికినా ఏ ఊరూ రాదు. యాకూబ్‌కేమో ట్యాంకులాటంటే ప్రాణం. ఈ పదేళ్లలో వచ్చిన వాటిలో ఏది గొప్పదని ఇద్దరికీ రోజూ వాదనే. దుర్గయ్యకు ఎవరినీ కాల్చాలని ఉండదు. పైనుంచి ఇటుకలు దిగుతుంటే, సందు చూసుకుని, రిమోట్ మీద కూడిక గుర్తులా ఉండే మీటను ఎడమ బొటనవేలితో నొక్కి జరిపి, తిప్పి, సర్ది పెట్టడంలోనే అతని సుఖమంతా ఉంది. కొట్టులో ఎంత సర్దినా సాయంత్రానికి మళ్లీ చిందరవందరే. ఇక్కడ మాత్రం వరుస నిండిందంటే చాలు, మాయమైపోతుంది. ఆ మాయమయ్యే క్షణంలో దుర్గయ్యకు లోకంలో ఏ లోటూ ఉండేది కాదు.

ఇంతకీ ఆ మంగళవారం మొదటి బేరం అమృతమ్మది. పక్కింటి ముసలమ్మ, పావుకిలో చక్కెరకు వచ్చింది. దుర్గయ్య పొట్లం మడిచి దారం చుట్టబోయాడు. ఎడమ బొటనవేలు వంగలేదు. ఇంకోసారి బలవంతంగా వంచబోతే మోచేతి దాకా సలిపింది. పొట్లం జారి చక్కెరంతా నేలపాలైంది.

"ఏందయ్యా, ఏమైంది చేతికి?" అని నర్సింగమ్మ లోపలి నుంచి పరుగున వచ్చింది.

"ఏం లేదు. వేలు జర పట్టేసింది."

అంతే. ఆ ఊళ్లో కీలు పట్టేసిందన్న మాట ఊరికే అనేది కాదు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎన్ని ఇళ్లలో ఎన్ని మోకాళ్లను వంచిందో లెక్కలేదు. దుర్గయ్య తల్లి భద్రమ్మ నిటారుగా నిలబడి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తు లేదు. అరుగు మీద కూర్చున్న ఆవిడ ఒక్కసారిగా గొంతెత్తింది. "నా కొడుక్కు గుడ నీళ్లు పట్టినయే! గింత చిన్న వయసుల పట్టినయే!"

"అమ్మా, నీళ్లు కాదే..." అని దుర్గయ్య నోరు తెరిచాడు.

"మరేందయ్యా?" అంది నర్సింగమ్మ.

మరేమిటో చెప్పాలంటే ఇటుకల దగ్గర మొదలుపెట్టాలి. "నీళ్లే అయ్యుంటయి" అని గొణిగాడు. ఆ ఒక్క మాటతో తన కొంపకు తనే నిప్పు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా అతని అరుగు మీదే ఉంది. కర్ర లేనిదే అడుగు వేయలేని అమృతమ్మ ఆముదపు ఆకులు తెచ్చి, వెచ్చచేసి, వేలికి కట్టింది. మెడ తిప్పలేని లచ్చయ్య తాత మొత్తం మనిషే పక్కకు తిరిగి ఆ వేలిని చూసి కళ్లు తుడుచుకున్నాడు. నర్సింగమ్మ ఊరవతల చేనుబావి నుంచి మొగుడికి వేరే బిందెతో నీళ్లు మోయడం మొదలుపెట్టింది. ఇల్లు కదలొద్దని, రేడియోలూ గీడియోలూ బంద్ అని ఆంక్ష పెట్టింది. దుర్గయ్యకు నీళ్ల బిందె చూస్తే సిగ్గేసింది, కొత్త క్యాసెట్ గుర్తొస్తే ఏడుపొచ్చింది.

సాయంత్రం సర్పంచి మారయ్య వచ్చాడు. మంచినీళ్ల ట్యాంకరు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి. వేలిని అటూ ఇటూ పట్టి చూశాడు. అతని ముఖం విచ్చుకుంది.

"దుర్గయ్యా, గిది మామూలు వేలు గాదు. ముసలోళ్ల మోకాళ్లు చూపెడితే వయసు మీద పడ్డదంటున్నరు ఆఫీసర్లు. గీ వేలుకు గట్ల అనలేరు గద! నడువు, రేపే పోదాం."

"నన్ను వదిలెయ్ మారన్నా, నీ కాల్మొక్త!"

"ఊరి కోసం రాయ్యా! సిగ్గెందుకు?"

మర్నాడు ఆఫీసులో మారయ్య ఆ వేలిని బల్ల మీద పెట్టించి మరీ ఉపన్యాసం ఇచ్చాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి చూసి, పెట్టుకుని చూసి, సోమవారం నల్లగొండ నుంచి డాక్టరమ్మను పంపుతామన్నాడు. ఆవిడ నీళ్ల దోషమే అని తేలిస్తే ట్యాంకరు వస్తుందన్నాడు. తిరిగి వచ్చేసరికి ఊళ్లో డప్పు కొట్టడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు నిజం చెబితే పోయేది తన పరువొక్కటే కాదు, ఊరికి రావలసిన నీళ్లు కూడా.

అసలు ఉపద్రవం శనివారం వచ్చింది. ఆకుకట్టు విప్పి చూసుకుంటే వేలు వంగుతోంది. ఆట మానేసి విశ్రాంతి ఇచ్చేసరికి అది బుద్ధిగా నయమైపోయింది. భయపడి రెండోసారి వంచి చూశాడు. ఇంకా బాగా వంగింది. మారయ్యను చాటుకు పిలిచి చూపించాడు. మారయ్యకు చెమటలు పట్టాయి.

"వంచకు! సోమవారం దాక వంచకు!"

"వంచకుండ నేనుంట. డాక్టరమ్మ పట్టుకొని వంచితే?"

మారయ్య తల పట్టుకుని వెళ్లిపోయాడు. దుర్గయ్య, నర్సింగమ్మ చేనుబావికి పోయిన సందు చూసి, యాకూబ్ దగ్గరికి పరుగెత్తి తన గోడు వెళ్లబోసుకున్నాడు. యాకూబ్ గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు.

"ఫికర్ జెయ్యకు దుర్గన్నా. దేనితోని పట్టేసిందో దానితోనే మళ్ల పట్టేస్తది. కూసో."

అలా దుర్గయ్య ఊరి మేలు కోసం ఇటుకలాటకు కూర్చున్నాడు. ఆదివారం సంత సరుకు వంకతో మళ్లీ వచ్చి, పొద్దస్తమానం లేవకుండా ఆడాడు. యాకూబ్ చాయ్ తెచ్చి పోశాడు, దారిన పోయేవాళ్లు లోపలికి తొంగిచూడకుండా గుమ్మానికి అడ్డం కూర్చున్నాడు. కొత్త క్యాసెట్‌లో ఇటుకలు నిజంగానే జోరుగా పడుతున్నాయి. మనసులో ఏ ముల్లూ లేకుండా, పైగా పుణ్యం కోసం ఆడటం దుర్గయ్యకు జీవితంలో అదే మొదటిసారి. ఇంత తృప్తిగా అతను ఎన్నడూ ఆడలేదు. సాయంత్రానికి వేలు కొయ్యలా బిగుసుకుంది.

సోమవారం బడి ముందు షామియానా వేశారు. డాక్టరమ్మ జాహేదా జీపు దిగింది. ముప్పై ఏళ్లుంటాయి, చురుకైన కళ్లు. ఊరంతా దుర్గయ్యను ముందుకు తోసి చుట్టూ నిలబడింది. ఒకపక్క నర్సింగమ్మ, ఒకపక్క మారయ్య, కాస్త వెనక ఆఫీసరు. డాక్టరమ్మ వేలిని పట్టుకుని వంచింది, నొక్కింది, వెలుగుకు తిప్పి చూసింది. వేలి మెత్తటి చోట కాయ కాసి ఉంది. దాని మీద ఎర్రగా, నాలుగు కొమ్ముల కూడిక గుర్తు అచ్చు పడి ఉంది.

డాక్టరమ్మ తలెత్తలేదు. వేలిని పరీక్షిస్తున్నట్టే వంగి, దుర్గయ్యకు మాత్రం వినపడేలా అడిగింది. "ట్యాంకులా, ఇటుకలా?"

దుర్గయ్య చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు. "ఇ... ఇటుకలు" అన్నాడు.

"గంతేనా! మా తమ్ముడు గా పెట్టె తెచ్చిండు ఇంట్ల. ఇటుకల్ల ఏమున్నది? పదేండ్లల్ల ఆటంటే ట్యాంకులాటే."

"ట్యాంకులల్ల కాల్చుడే గదమ్మా. సర్దుడు ఏడున్నది?" అనేశాడు దుర్గయ్య, ఒళ్లు మరిచి. వెంటనే నాలుక కరుచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా, నా పరువు పోతె పోనియ్యి. గీ వేలు మీదనే ఊరికి ట్యాంకరున్నది. జర కనికరించు."

"నీ వేలుతోని ట్యాంకరు రాదు దుర్గయ్యా" అంది ఆవిడ నెమ్మదిగా. "మీ అమ్మ వచ్చిందా?"

భద్రమ్మ జనం వెనకెక్కడో నేల మీద కూర్చుని ఉంది. ఆవిడను ఎవరూ ముందుకు పిలవలేదు. డాక్టరమ్మ కుర్చీ వదిలి వెళ్లి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది, మోకాలు మీద చెయ్యి వేసింది. ఎన్నేళ్ల నుంచి అని అడిగింది. "నాదేమున్నది బిడ్డా, నా కొడుకు వేలు చూడు" అంది భద్రమ్మ. ఆ మాట దుర్గయ్యను నిలువునా కోసేసింది. వారం రోజులుగా ఊరంతా తన వేలికి ఏడుస్తుంటే, ఆ ఏడ్చినవాళ్ల మోకాళ్లను తను ఒక్కసారైనా తేరిపార చూడలేదు.

తర్వాత అమృతమ్మ, తర్వాత లచ్చయ్య తాత, తర్వాత వీధులకు వీధులు. పొద్దు వాలేదాకా డాక్టరమ్మ లేవలేదు. చివరికి ఆఫీసరును పిలిచి అందరి ముందూ గట్టిగా చెప్పింది. "గీ మోకాళ్లు చూసినంక గుడ వయసు మీద పడ్డదంటరా? రేపటి నుంచే ట్యాంకరు పంపాలె." ఆఫీసరు తలూపాడు. మారయ్య అక్కడే కూలబడి కండువాతో ముఖం కప్పుకున్నాడు.

"మరి మా ఆయన వేలమ్మా?" అంది నర్సింగమ్మ.

"గది నీళ్లతోని కాదు. ఒక్కతీరు పని శానసేపు చేసిన వేలు. విశ్రాంతి ఇస్తె సాలు."

"ఏం పని? రేడియో పనా?"

డాక్టరమ్మ దుర్గయ్య వైపు చూసింది. దుర్గయ్యకు ఇక దాచాలనిపించలేదు. "రేడియో లేదు, గీడియో లేదు. వీడియో గేమ్ ఆడుతున్న. పదేండ్ల నుంచి" అన్నాడు. ముందు లచ్చయ్య తాత మొత్తం మనిషే కదిలేలా నవ్వాడు, తర్వాత ఊరంతా నవ్వింది. నర్సింగమ్మ నవ్వలేదు. ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ట్యాంకరొచ్చింది. భద్రమ్మ మొదటి గ్లాసు తాగి "చప్పగున్నయి" అని పెదవి విరిచి, ఇంకో గ్లాసు అడిగింది. నర్సింగమ్మ మాత్రం మొగుడితో మాట్లాడలేదు. గిన్నెలు మాట్లాడాయి, తలుపులు మాట్లాడాయి. ఇక ఇటుకలతో తనకు రుణం తీరిందని దుర్గయ్య నిశ్చయించుకున్నాడు. అది తలుచుకుంటే నిజంగానే దిగులేసింది. రోజుకొక గంట తప్ప అతను ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాడు.

ఆ వారం చివర ఒక సాయంత్రం నర్సింగమ్మ కొట్టు తలుపులు తనే దగ్గరికేసి తాళం పెట్టింది. "నడువు. గంత గొప్ప ఆటేందో నేను గుడ చూస్త" అంది.

యాకూబ్ "రా అక్కా" అంటూ హడావిడిగా పీట తుడిచి వేశాడు. దుర్గయ్య ఆడుతుంటే ఆవిడ కాసేపు వెనక నిలబడి చూసింది. "గాడ సందు కనవడ్తలేదా? నిలువు తిప్పు... అయ్యో, గట్ల కాదు!" అంది. ఇంకాసేపటికి "ఇటియ్యి" అని చేతిలోంచి రిమోట్ లాక్కుంది. మొదటి వరుస నిండి మాయమైనప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు దుర్గయ్యకు బాగా తెలిసినదే. పెళ్లయిన ఇన్నేళ్లకు తన సుఖం ఏమిటో ఇంకొకరికి అర్థమైనందుకు అతని కడుపు నిండిపోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆలుమగలు ఇద్దరూ కలిసే యాకూబ్ దుకాణానికి వెళుతున్నారు. ట్యాంకులాట గొప్పదని యాకూబ్ పొరపాటున అన్నా నర్సింగమ్మ ఊరుకోదు. గంట ముగిశాక ఇంకో గంట కావాలంటుంది కానీ పీట మీది నుంచి లేవదు. డాక్టరమ్మ చెప్పిన విశ్రాంతి దుర్గయ్య వేలికి పూర్తిగా దొరుకుతోంది.