నయమైన మొదటి మహిళ

ఇకపై ఏ మహిళ మనసూ ప్రభుత్వానికి తెలియకుండా అటూ ఇటూ తిరగడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు ‘స్థిరచిత్త’. ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒకచోట నిలవని సమస్య, పెద్దయ్యాక బయటపడిన ఆడవాళ్లకు మెడికల్ బోర్డు పరీక్ష, ఆపైన ఉచితంగా మాత్రలు. ఇంత లోతైన ఆలోచన మంత్రిగారికి విమానం ఆలస్యమైనప్పుడు వచ్చింది. ఆయనకు ఖాళీ దొరికితే దేశానికి జరిగే మేలు ఇంతా అంతా కాదు.

ఆ ప్రకటన మైకులో చదివింది పరాకు. మంత్రిగారి శాఖ సభలన్నిటికీ వ్యాఖ్యాత ఆమే. పుట్టింటివాళ్లు పెట్టిన ఆ ముద్దుపేరు పెళ్లితోపాటు అత్తింటికీ వచ్చేసింది. కుళాయి కింద బకెట్ పెట్టి, నిండేలోగా పుస్తకం తీసి, పుస్తకంలో ఏదో చూసి స్నేహితురాలు గుర్తొచ్చి ఫోన్ చేసి, నీళ్లు వరండా దాటి పక్కింటివాళ్లను పలకరించేదాకా తెలియని మనిషి.

ఇన్నాళ్లూ బద్ధకం అనుకున్నదానికి ఒక పేరుందని డాక్టరమ్మ చెప్పిన రోజు, కొత్త మొగుడి చొక్కా తడిసేలా ఏడ్చి, దారిలో ఐస్‌క్రీమ్ తింది. నమూనాగా ఇచ్చిన మాత్రలున్న వారంలో ఒక అద్భుతం జరిగింది. ఉతికిన బట్టలన్నీ ఆరేసింది. చివరి చేతిరుమాలుతో సహా. మొగుడూ పెళ్లాం తీగ కింద నిలబడి వాటిని కాసేపు చూశారు.

తర్వాత మాత్రలు అయిపోయాయి. ఇక బోర్డు ముద్ర వేస్తేనే, అదీ సర్కారు కౌంటర్లోనే. అత్తగారిని సాక్ష్యానికి తీసుకుని పరాకు బోర్డు ముందు కూర్చుంది.

బోర్డులో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లుంటే మొహమాటానికి పోతారని మంత్రిగారి ముందుచూపు.

“చిన్నప్పుడు క్లాసులో బల్లలెక్కి గెంతేదానివా అమ్మా?” అడిగారు పెద్ద డాక్టరు.

“లేదండీ. కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. పాఠం ఒక్క ముక్క ఎక్కేది కాదు.”

“గొడవ చేయలేదుగా. బుద్ధిమంతురాలివే. ఉద్యోగం ఎప్పుడైనా ఊడిందా?”

“లేదండీ. ఒక్క పేజీ తప్పు లేకుండా చదవడానికి ముందురోజంతా అద్దం ముందు చదువుకుంటాను.”

“చూశారా, ఎంత శ్రద్ధో!” ఆయన పక్కవాళ్లకు చూపించారు.

అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “పొయ్యి మీద పాలు పెడుతుంది బాబూ. ఈలోగా ఇల్లు ఊడుద్దామని చీపురు కోసం వెళ్లి బీరువా సర్దుతుంది. కావాలని కాదు. ఆనక తనని తనే తిట్టుకుని ఏడుస్తుంది, నేను చూశాను.”

“మరి ఆ పనులు ఎవరు పూర్తిచేస్తారమ్మా?”

“నేనే.”

“అయితే ఇంట్లో సమస్యేముంది?”

తిరస్కరించారు. ఆమెనే కాదు, వచ్చిన ఆడవాళ్లందరినీ. బోర్డు నిష్పక్షపాతం అలాంటిది.

మాత్రల పంపిణీ సభ రోజు, వేదిక తెర వెనక పెద్ద డాక్టరు ఎదురుగా మంత్రిగారు నీరసంగా కూర్చున్నారు. పరాకు కాగితం పట్టుకుని పక్కనే నిలబడింది.

“ఒక్క రోగి కూడా దొరకలేదా? కెమెరాలకు ఎవరిని చూపించను డాక్టరుగారూ?”

“రోగుల్లేరని ఎందుకనుకోవాలయ్యా? అందరికీ నయమైపోయిందనుకుంటే?”

మంత్రిగారి ముఖం వికసించింది. “మందులెన్ని వాడాం?”

“ఒక్కటీ వాడలేదయ్యా.”

“పైసా ఖర్చు లేకుండా! పదండి పదండి.”

పరాకు చేతిలో కాగితం మారింది. మైకు ముందుకెళ్లి చదివింది. “ఈ పథకం కింద సంపూర్ణంగా నయమైన మొదటి మహిళ...” తరువాతి మాట ఆమె సొంత పేరు. అద్దం ముందు చదువుకోని కాగితం. చదవడం ఆపితే ఉద్యోగం పోతుంది, ఆపకపోతే మాత్రలు పోతాయి. చదివేసింది, ఒక్క తప్పు లేకుండా. చప్పట్లు మోగాయి. మంత్రిగారు జ్ఞాపిక అందించి, కెమెరా వైపు నవ్వారు.

సభ అయ్యాక, ఎవరికీ ఇవ్వని మాత్రల్లో నాలుగైనా అడుగుదామని అత్తాకోడళ్లు కౌంటరుకు పరుగెత్తారు. షట్టరు సగం దించి ఉంది. డ్రైవరు మాత్రల పెట్టెలు మంత్రిగారి కారు డిక్కీలో సర్దుతున్నాడు.

“అవి ఎక్కడికి నాయనా?” అడిగారు అత్తగారు.

“అయ్యగారింటికమ్మా. చినబాబుగారికి పరీక్షలు దగ్గరపడ్డాయి. చదువు మీద మనసు నిలవడం లేదంట.”

“ఆ అబ్బాయిని బోర్డు చూసిందా?”

“పెద్ద డాక్టరుగారే ఇంటికొచ్చి చూశారమ్మా. అప్పుడు బాబుగారు నిద్రపోతున్నారు. లేపడమెందుకని గుమ్మంలోంచే చూసి ముద్రేసి వెళ్లారు.”