బురదతో సహా బరువు

మనిషి ఆకాశంలోకి వెళ్ళాలంటే రెక్కలకన్నా ముందు తక్కెడ కావాలన్నది పా తిరింగ్ కొండమీద అందరూ ఒప్పుకున్న విమానయాన సూత్రం. ఇక్కడ టికెట్టు కొన్నవాళ్ళు ప్రయాణికులు కారు, తూకంలో నెగ్గినవాళ్ళే.

ఆ ఉదయం సీనా రూరన్ చంకలో అనాసపండుతో తక్కెడెక్కి నెగ్గింది. (సీనా రూరన్ అంటే రూరన్ తల్లి. బిడ్డ పుడితే ఇక్కడ అమ్మానాన్నల పేర్లు మారతాయి, మనవలు పుడితే మళ్ళీ మారతాయి. ఈ సంగతి విమానాలవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.) పట్నం ఆసుపత్రిలో రూరన్‌కు తొలి కాన్పు. "నువ్వు పక్కన లేకపోతే కననే కనను" అని ఫోనులో బెదిరించింది కూడా.

విమానం పరుగందుకుంది. గడ్డి రన్‌వే అయిపోయింది గాని పరుగు అయిపోలేదు. చివరికి పాస్టరుగారి వరిమడిలో ముక్కు గుచ్చుకుని మర్యాదగా ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక బాతుకి మాత్రం అవమానం జరిగింది.

విచారణాధికారి జుల్కర్నైన్ గారు హెలికాప్టరులో దిగీ దిగగానే అరిచారు. "ఎవరూ కాళ్ళు కడుక్కోవద్దు! మీరంతా సాక్ష్యం!"

నడుందాకా బురదతో ఉన్నవాళ్ళని ఉన్నట్టే మళ్ళీ తూచారు. అందరూ పొద్దుటికన్నా బరువు తేలారు.

"కారణం దొరికింది. మీరే ఎక్కువయ్యారు."

"ఇది పడ్డాక అంటిన బరువు నాయనా, పడకముందుది కాదు" అంది సీనా రూరన్.

"పెద్దమ్మా, నివేదికలో ముందూ వెనకా ఉండవు. మొత్తమే ఉంటుంది."

సాక్ష్యం దానంతటదే రాలిపోయేదాకా ఎవరూ కదలరాదని ఆదేశమైంది. అందరూ వడియాల్లా ఎండలో కూర్చున్నారు.

"మీ హెలికాప్టరులో ఒక సీటు ఖాళీ కదయ్యా. పిల్ల నొప్పులు పడుతోంది."

"అది ఖాళీ కాదు. నా ఫైళ్ళ సీటు."

ఇంతలో ఆమె మరిది అగాన్ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "వదినా! ఆడపిల్ల! కనను కననని అరుస్తూనే కనేసిందట!"

ఊరంతా కేకలు పెట్టింది. ఊరిపెద్ద లేచి, విందు తర్వాత చూసుకుందాం, పేరు ముందన్నాడు. "ఈ పూటనుంచి ఈమె దో ఊలున్!"

బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుంది ఆమె. జుల్కర్నైన్ గారి మనసు కూడా కరిగింది. (నిబంధనల్లో అందుకు నిషేధం లేదు.) "సరే, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుంటా. సీనా రూరన్ వచ్చి ఎక్కొచ్చు."

"ఆ పేరుతో ఇప్పుడెవరూ లేరండీ" అన్నాడు ఊరిపెద్ద నిజాయితీగా.

"నేనేనయ్యా ఆవిణ్ణి!" అందామె, అప్పటికే ఒక కాలు లోపల పెట్టి.

"మీ పేరు?"

"దో ఊలున్."

"జాబితాలో లేదు, దిగండి. విమానమెక్కింది సీనా రూరన్. ఆవిడేమైంది?"

"చెప్తున్నాగా, రెండూ నేనే!"

"ఒక మనిషికి ఒక పేరు పెద్దమ్మా. రెండో మనిషిని చూపించండి."

హెలికాప్టరు ఫైళ్ళతో ఎగిరిపోయింది. సాయంత్రం రేడియోలో ప్రకటన వచ్చింది: ప్రమాదంలో ప్రాణనష్టం లేదు, సీనా రూరన్ అనే ప్రయాణికురాలు మాత్రం గల్లంతు. వరిమళ్ళలో గాలింపు సాగుతోంది, స్థానికురాలు దో ఊలున్ అందుకు ఎంతో సహకరిస్తున్నారు.