లార్చ్ బేలో సంస్కృతి దొరికింది

లార్చ్ బే పట్టణంలో సంస్కృతి ఉందని మేయర్ గోర్డన్ పెల్కీ గారు అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున అధికారికంగా ప్రకటించారు.

అప్పటిదాకా ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతపడ్డాక మిగిలిన ఊరది. శుక్రవారం సాయంత్రమైతే జనం వర్కర్స్ హాలుకు చేరేవారు. చేపలు వేయించుకు తినేవారు. ఎవరో అకార్డియన్ వాయిస్తే జంటలు జంటలుగా పోల్కా నాట్యం ఆడేవారు. ఆ వారం రానివాళ్ళ గురించి తనివితీరా చెప్పుకుని, ఇళ్ళకు పోయి పడుకునేవారు. తాము చేస్తున్నది సంస్కృతి అని తెలిస్తే కాస్త మంచి బట్టలు వేసుకొచ్చేవారేమో పాపం.

సిటీ హాలు మెట్ల మీద నిలబడి మేయరుగారు ఇలా సెలవిచ్చారు:

"మన దగ్గర రాగి అయిపోయింది. కలప అయిపోయింది. చేపలు కూడా అయిపోవస్తున్నాయి. కానీ సంస్కృతి? తవ్వినకొద్దీ వస్తుంది! తవ్వడానికి ఇదిగో, ఈ ఇద్దరు పిల్లలున్నారు!"

ఆ ఇద్దరిలో ఒకతె ఐలా హౌటలా. హైస్కూల్లో ఆఖరి సంవత్సరం. స్కూలు పత్రికకు ఎడిటర్. రెండోవాడు ఆమె క్లాస్‌మేట్ రూబెన్ ట్రెంబాత్. మైకులూ వైర్లూ అతని శాఖ. స్కూల్లో చీపుళ్ళు పెట్టే గదిలో కూర్చుని ఇద్దరూ ఊరివాళ్ళ కబుర్లతో ‘లార్చ్ బే గొంతు’ అని ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నారు. తడి మాప్‌లను గోడలకు వేలాడదీస్తే మాట ప్రతిధ్వనించదని కనిపెట్టిన ఘనత రూబెన్‌ది. శ్రోతలు ఐలా వాళ్ళమ్మ, రూబెన్ వాళ్ళ నాన్న, ఇంకా పొరపాటున నొక్కినవాళ్ళు.

"మనల్నెందుకు మెట్లెక్కించారు?" అని ఐలా రూబెన్ చెవిలో అడిగింది.

"గ్రాంటు. సజీవ సంస్కృతి ఉన్న ఊళ్ళకి రాష్ట్రం డబ్బిస్తోందట. ఉందని రుజువు చూపించాలి."

"రుజువేది?"

"మనమే."

నిజం చెప్పాలంటే ఐలా గుండె పొంగింది. చీపుళ్ళ గదిలోంచి రాష్ట్ర రాజధానిదాకా తన గొంతు వెళ్ళబోతోంది. ఎవరికి పొంగదు?

"ఈ గొంతు ఊరిది!" అని మేయరుగారు ఇద్దరి భుజాల మీదా చేతులు వేశారు. "మాటల సంగతి నేను చూసుకుంటాను!"

జనం చప్పట్లు కొట్టారు. చలికి ఎలాగూ చేతులు రుద్దుకుంటున్నారు.

మధ్యాహ్నానికల్లా ఊరికి ఒక సాంస్కృతిక డైరెక్టరు కూడా వచ్చేశాడు. ఆయన మేయరుగారి బావమరిది డేల్. అంతమాత్రాన అర్హత లేదనుకోకూడదు. చలికాలంలో ఊరి రోడ్ల మీద మంచు తోసే కాంట్రాక్టు ఆయనదే. దారిలో ఉన్నదాన్ని పక్కకు నెట్టేయడంలో ఆయనంత అనుభవం ఉన్న మనిషి ఆ జిల్లాలోనే లేడు.

ఆ శుక్రవారం ఐలా, రూబెన్ సరంజామాతో వర్కర్స్ హాలుకు వెళ్ళారు. పొయ్యి దగ్గర ఎల్మా లెస్కెలా ఉంది. ఊరందరికీ ఎల్మా మామ్మ. ఎనభై దాటినా చేపల మూకుడు ఇంకొకరి చేతికివ్వదు.

"రా పిల్లా, రా! ఆ డబ్బా నూనెకి దూరంగా పెట్టు. ఏం చెప్పమంటావ్? మా ఆయన సంగతా, చేపల సంగతా? చేపల సంగతే చెప్తా. వేయిస్తే అవైనా పనికొస్తాయి."

హాలంతా ఘొల్లుమంది. బెర్నీ మికుల్స్కీ అకార్డియన్ సాగదీశాడు. రూబెన్ మీటరు చూసి, శబ్దం బాగా పడుతోందని బొటనవేలు పైకెత్తాడు. అంతలో తలుపు తోసుకుని డేల్ వచ్చాడు. చెవులకు అప్పుడే కొన్న హెడ్‌ఫోన్లున్నాయి.

"ఆపండి! ఆ చుయ్‌మనే శబ్దం ఏంటి?"

"చేప," అంది ఎల్మా మామ్మ.

"చేప మాట్లాడుతుంటే మనిషి మాట వినపడ్డం లేదు. పొయ్యి ఆర్పండి. ఆ బొయ్‌మనేదేంటి?"

"అకార్డియనండి," అన్నాడు బెర్నీ, దాన్ని గుండెలకు హత్తుకుని.

"పెట్టెలో పెట్టేయండి. మరి ఆ మూల గుసగుస?"

"అది మీ ఆవిడ గురించి సార్," అన్నాడు రూబెన్.

"అయితే ముందది ఆపండి!"

హాలు చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దమైపోయింది. డేల్ కళ్ళు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని పరీక్షించి సంతృప్తి పడ్డాడు. మైకు తెచ్చి ఎల్మా మామ్మ గడ్డం కింద పెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి. ఇక్కడ శుక్రవారాలు ఎంత సందడిగా ఉంటాయి?"

"నువ్వొచ్చేదాకా ఉందిరా ఆ సందడి," అంది మామ్మ.

హాల్లో ప్రతిధ్వని ఎక్కువగా ఉందని డేల్ మర్నాడే మేయరుగారికి నివేదించాడు. మేయరుగారు దిగ్భ్రాంతి చెందారు. ప్రతిధ్వనించే కట్టడంలో ఊరి సంస్కృతిని ఇన్నేళ్ళు ఎలా ఉంచామని కౌన్సిల్ సమావేశంలో కంటతడి పెట్టారు. వర్కర్స్ హాలును పడగొట్టి, ఆ స్థలంలో జనజీవన స్టూడియో కట్టాలని తీర్మానం నెగ్గింది. ఒక సభ్యుడు నిద్రపోతుంటే ఆయన తల వాల్చడాన్ని తల ఊపడంగా తీసుకున్నారు. గ్రాంటు కూడా వచ్చింది. సంస్కృతి కోసం పాత కట్టడాన్నే త్యాగం చేసిన ఊరు ఇంకొకటి లేదని రాజధానిలో మెచ్చుకున్నారట.

ఐలా మేయరుగారి గదికి పరిగెత్తింది.

"హాలు పడగొడితే శుక్రవారం జనం ఎక్కడికెళ్తారు సార్?"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా! అదే కదా ఇందులో గొప్ప. ఎవరింట్లో వాళ్ళు సోఫాలో కూర్చుని శుక్రవారాన్ని వింటారు."

"అందరూ ఇళ్ళలో కూర్చుంటే నేనెవర్ని రికార్డు చెయ్యాలి?"

మేయరుగారు కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా నడిచి సరస్సు వైపు చాలాసేపు చూశారు.

"ఎంత లోతైన ప్రశ్న," అన్నారు గద్గదంగా. "దీని మీద ఒక ఎపిసోడ్ చెయ్యమ్మా."

ఐలా చేసింది. ఎల్మా మామ్మను వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టి మేయరుగారి గురించి అడిగితే ఆవిడ దాచుకోకుండా చెప్పింది: "గోర్డీ వల్ల ఈ ఊరు బాగుపడుతుందనుకోవడం బుద్ధితక్కువ. ఆడు చిన్నప్పట్నుంచీ నా చేతి చేపలు తిని పెరిగాడు. ఆడికి బుర్ర పెరుగుతుందని చూశా, పొట్టే పెరిగింది."

ఎడిటింగ్ మాత్రం సాంస్కృతిక డైరెక్టరుగారి చేతిలో ఉంది. బుధవారం ఎపిసోడ్ బయటికొచ్చింది. అందులో మామ్మ గొంతు స్పష్టంగా, ఆప్యాయంగా పలికింది: "గోర్డీ వల్ల ఈ ఊరు బాగుపడుతుంది. ఆడు చిన్నప్పట్నుంచీ నా చేతి చేపలు తిని పెరిగాడు."

వెనక ఎక్కడో చేప వేగుతున్న శబ్దం కూడా ఉంది. ఊరి వాతావరణం కావాలని రాజధానివాళ్ళు అడిగితే, డేల్ దాన్ని కాలిఫోర్నియాలో ఎవరి దగ్గరో కొన్నాడు.

ఆ సాయంత్రం ఐలాకు ఫోనొచ్చింది.

"ఏమే పిల్లా! నేనెప్పుడు పొగిడానే ఆణ్ణి? మా చెల్లెలు ఫోన్ చేసి ‘నీకెంతిచ్చారే’ అని అడిగి పెట్టేసింది. ఈ వయసులో నాకు ఇదేం ఖర్మే!"

ఐలాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గొంతు తన మైకులోంచి వెళ్ళిందే. కోపం పట్టలేక డేల్ దగ్గరికి వెళ్ళింది.

"మామ్మ మాట సగానికి కోసేశారు!"

"నిడివి ఎక్కువైందమ్మా."

"అర్థమే తిరగబడింది!"

"నిడివి కూడా తగ్గింది కదా," అన్నాడు డేల్ ఓదార్పుగా.

"అయితే మా పాడ్‌కాస్ట్ మాకిచ్చేయండి. మేం చీపుళ్ళ గదిలోనే చేసుకుంటాం."

"ఎలా కుదురుతుంది? పాస్‌వర్డ్ ఇప్పుడు సిటీ ఆస్తి. చీపుళ్ళ గదిని కూడా చారిత్రక స్థలంగా ప్రకటించాం. అందులోకి ఎవరూ పోకూడదు. చీపుళ్ళు కూడా."

నవంబరులో హాలు పడింది. మేయరుగారు రిబ్బన్ కత్తిరించాక డేల్ తన మంచు బండిని పక్కన పెట్టి బుల్‌డోజర్ ఎక్కాడు. గోడ ఫెళఫెళ విరిగిన శబ్దం మేయరుగారికి ఎంత నచ్చిందంటే, ప్రతి ఎపిసోడ్ మొదట్లోనూ అదే వినిపించమని ఉత్తర్వు చేశారు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం జనం అలవాటు కొద్దీ వచ్చారు. వచ్చి, మంచు పడుతుంటే ఇటుకల కుప్ప ముందు వరసగా నిలబడ్డారు. ఎవరి క్యాబేజీ సలాడ్ గిన్నె వాళ్ళ చేతిలో ఉంది. ఐలా, రూబెన్ కూడా వెనకాల నిలబడ్డారు. ఊరివాళ్ళ కళ్ళలోకి చూడటానికి ఐలాకు ధైర్యం చాలలేదు.

ఎల్మా మామ్మ చంకలో మూకుడుంది. ఆమె రోడ్డుకవతల వైపు చూసింది. అక్కడ నాణేలు వేసి బట్టలుతుక్కునే కాయిన్ లాండ్రీలో లైట్లు వెలుగుతున్నాయి. మిషన్ల వేడికి అద్దాల మీద ఆవిరి పట్టి ఉంది.

"బట్టలుతుక్కోడానికి మేయరు పర్మిషన్ అక్కర్లేదుగా?" అంది మామ్మ.

"అక్కర్లేదు," అన్నాడు రూబెన్. "కానీ ఉతకడానికేదైనా ఉండాలి."

మామ్మ బెర్నీ భుజం పట్టుకుని బూటు విప్పి, ఒక మేజోడు లాగి చేతిలో పట్టుకుంది. చూసినవాళ్ళందరూ బూట్లు విప్పారు. ఆ సాయంత్రం లార్చ్ బే కాయిన్ లాండ్రీలో ప్రతి మిషన్లోనూ ఒంటి మేజోడు గిరగిరా తిరిగింది. అడిగేవాళ్ళొస్తే అందరూ కస్టమర్లే.

మడతలు పెట్టుకునే బల్ల మీద కరెంటు పొయ్యి వెలిగింది. డ్రయ్యర్లు ధడ్ ధడ్ ధడ్ మంటుంటే ఆ దరువుకు బెర్నీ అకార్డియన్ కలిపాడు. హాల్లో ఏనాడూ అంత మంచి దరువు దొరకలేదని తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు. మిషన్ల మధ్య సందు ఇరుకు కావడంతో ఆడినవాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు, గుద్దుకున్నందుకు నవ్వారు, నవ్వుతూ మళ్ళీ గుద్దుకున్నారు. సబ్బు వాసన, చేపల వాసన కలిసి కొత్త వాసనేదో పుట్టింది.

"పిల్లా, ఆ మూల నిలబడి ఏడవకపోతే ఇలా వచ్చి పళ్ళేలు అందుకోవే!" అని మామ్మ కేకేసింది. "కోసింది నువ్వు కాదని నాకు తెలీదా?"

ఐలాకు నిజంగానే ఏడుపొచ్చింది. పళ్ళేలు అందించింది. రూబెన్ లాగితే ఆడింది. అతని కాలు తొక్కింది. రికార్డు చేద్దామని తెచ్చిన యంత్రం కోటు జేబులో ఉన్న సంగతి ఇంటికెళ్ళాక గాని గుర్తురాలేదు. ఆ చలికాలం పొడుగునా శుక్రవారాలన్నీ అలాగే నడిచాయి. ‘లార్చ్ బే గొంతు’ కూడా బుధవారాల్లో నడుస్తూనే ఉంది. మేయరుగారు మాట్లాడేవారు, కాలిఫోర్నియా చేప వేగేది.

మే నెలలో స్టూడియో తయారైంది. దూది పొదిగిన గోడలు. రెండు కుర్చీలు. తిండి పదార్థాలు, వాద్యాలు, మూడో మనిషి లోపలికి రాకూడదని తలుపు మీద బోర్డు. దానికి తోడు అసలు శుభవార్త: పాడ్‌కాస్ట్‌కు రాష్ట్ర స్థాయి బహుమతి వచ్చింది! అందజేయడానికి సాంస్కృతిక శాఖ కమిషనర్ మిసెస్ వాండర్‌లాన్ స్వయంగా దయచేశారు. ప్రారంభోత్సవం శుక్రవారం సాయంత్రం పెట్టారు. విద్యార్థి జర్నలిస్టు అంటూ ఒకరు కనపడాలని ప్రిన్సిపాల్ గారు బతిమాలితే ఐలా వచ్చింది. బోర్డుకు మినహాయింపు ఇచ్చి నలుగురూ లోపల ఇరుక్కున్నారు. కుర్చీలు పెద్దలకు, గోడ డేల్‌కూ ఐలాకూ.

కమిషనర్ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక ఎపిసోడ్ విన్నారు. చేప వేగే చోటికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఎంత సహజంగా ఉంది! మా అమ్మమ్మ గుర్తొచ్చింది."

హెడ్‌ఫోన్లు తీయగానే ఆవిడ ముఖం చిట్లింది. తెరిచి ఉన్న తలుపులోంచి, రోడ్డుకవతల నుంచి, అకార్డియనూ కేకలూ నవ్వులూ గుంపుగా వచ్చి పడుతున్నాయి.

"ఏమిటా గోల? ఇలాంటి చోట మీరెలా పనిచేస్తున్నారండీ?"

"వాషింగ్ మిషన్లండి," అన్నారు మేయరుగారు నొచ్చుకుంటూ. "పాతవి. డేల్, వెళ్ళి ఆపించు."

డేల్ వెళ్ళాడు. గోల ఆగలేదు. కాసేపటికి అందులో ఒక కొత్త జత బూట్లు కలిశాయి. నేల అదిరేలా, తాళం తప్పుతూ, మహా ఉత్సాహంగా పడుతున్నాయి. వెనకే మామ్మ గొంతు: "నీ కాళ్ళు చూసుకో డేల్, ఇది రోడ్డు కాదు!"

మేయరుగారు దగ్గి, బహుమతి ఫలకాన్ని రెండు చేతులా అందుకున్నారు. నల్లటి చెక్క మీద ఇత్తడి అక్షరాలు మెరుస్తున్నాయి. మైకు ఆన్ చేసి ఫలకాన్ని ఐలా చేతిలో పెట్టారు.

"నువ్వే చదవాలమ్మా. ఇది మీ తరం గొంతుతో రావాలి."

ఐలా చదవబోయి ఆగింది. కమిషనర్ వైపు చూసింది. ఆవిడ చిరునవ్వుతో తలూపింది. మేయరు వైపు చూసింది. ఆయన టై సర్దుకుంటున్నారు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడివిడిగా చదివింది.

"లార్చ్ బే పట్టణానికి, ‘అంతరించిపోయిన జనజీవనం’ విభాగంలో, రాష్ట్ర ప్రథమ బహుమతి."

కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు. మేయరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబురుమాలు తీసి ఒత్తుకున్నారు.

"ప్రథమ!" అన్నారు మెల్లగా, తనలో తాను. "ఇంకోసారి చదవమ్మా. ఈసారి ముందు ఆ తలుపు గట్టిగా వేసి."

"అలాగే సార్," అంది ఐలా. ఫలకం మేయరుగారి ఒళ్ళో పెట్టి, వెళ్ళి తలుపు గట్టిగా వేసింది, బయటి నుంచి.