రోడ్డు లేని చోట థర్డ్ పార్టీ

మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో రోడ్డు వేయడం చాలా చిన్నది. రోడ్డే లేని చోట రోడ్డు నిబంధనలు అమలు చేయడం, అదీ అసలైన ఘనకార్యం. అందుకోసమే ప్రభుత్వం వారు రోడ్డేతర బాధ్యతల విభాగాన్ని నెలకొల్పారు. రాళ్లలోనో రప్పల్లోనో బురదలోనో బైకు నడిపే ప్రతి మనిషికీ ఇకమీదట థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అని ఆ విభాగం తన మొదటి ఉత్తర్వులో చెప్పేసింది. (రెండో ఉత్తర్వులో తమ ఆఫీసుకి మంచి రోడ్డు కావాలని అడిగింది.)

ఆ ఉత్తర్వు దెబ్బ మొట్టమొదట తగిలింది పళ్ల డాక్టరమ్మకి. ఆవిడ సోమవారం మొదలు శనివారం దాకా ఊళ్లోవాళ్ల నోళ్లలోకి తొంగిచూస్తుంది. ఇంటికొస్తే ఉమ్మడి కుటుంబం. అక్కడి నోళ్లు చెప్పకుండానే తెరుచుకుంటాయి. ఆదివారం పొద్దున మాత్రం డర్ట్ బైకు వేసుకుని, ఊరవతల మూతపడ్డ క్వారీకి పోతుంది. ఆ బైకుకి లైటు లేదు, హారన్ లేదు, నంబరు ప్లేటు లేదు. ఉన్నదల్లా మొరటు టైర్లూ, వాటికి అంటుకున్న మట్టీ. గుంటల మీంచి ఎగిరి, మట్టిదిబ్బ మీద దిగి, ఒళ్లంతా బురద చేసుకుని, హమ్మయ్య అనుకుని ఇంటికొస్తుంది. వారం మొత్తంలో ఇది నాది అని ఆవిడ చెప్పుకోగలిగిన సమయం ఆ కాస్తే. అది కూడా లేకపోతే తను మనిషిలా ఉండలేనని ఆవిడకి తెలుసు. ఆవిడ మొగుడికి ఇంకా బాగా తెలుసు.

ఉత్తర్వు వచ్చిన వారం క్వారీ గేటుకి గొలుసు వేసి ఉంది.

"పాలసీ చూపిస్తే తీస్తానమ్మా," అన్నాడు కాపలావాడు.

"లోపల గుద్దడానికి ఎవరున్నారయ్యా?"

"ఏమోనమ్మా. నేనైతే లోపలికి రాను. నన్ను మాత్రం లెక్కలో వెయ్యకండి."

సరే, ఆఫీసుకి వెళ్లక తప్పలేదు. బాధ్యతల అధికారి చాలా మర్యాదస్తుడు. జవాబు చెప్పేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు, ఎదుటివాళ్ల కష్టం చూడకుండా ఉండడానికి.

"దరఖాస్తులో హాని కలగగల వ్యక్తి అన్నచోట 'ఎవరూ లేరు' అని రాశారు మేడం."

"ఎవరూ ఉండరండీ. అందుకే కదా అక్కడికి పోయేది!"

"మూడో మనిషి లేకుండా థర్డ్ పార్టీ పాలసీ ఎలా ఇస్తాం? రోగి లేకుండా మీరు పన్ను పీకుతారా? ఎవరో ఒకర్ని తెచ్చుకోండి. బంధువులైతే పనికిరారు. ప్రేమ ఉంటే మీరు జాగ్రత్తగా నడుపుతారు, అప్పుడు ప్రమాదానికి అర్థం ఉండదు."

డాక్టరమ్మ వేళ్లు మడిచి ఇంట్లోవాళ్లని లెక్కపెట్టుకుంది. "మా తోడికోడలు ఉంది," అంది.

అధికారి కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. "తోడికోడలైతే మాకు అభ్యంతరం లేదు." (నిబంధనల్లో ఈ మినహాయింపు నిజంగానే ఉంది. రాసినాయనది ఉమ్మడి కుటుంబమట.)

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే తోడికోడలు బుగ్గలు నొక్కుకుంది.

"ఏమిటమ్మాయ్, నీ బండి కింద పడ్డానికి నన్ను రమ్మంటున్నావా?"

"పడక్కర్లేదక్కా. పడే అవకాశం ఉంటే చాలు."

"ఏం, నేనే దొరికానా నీకు?"

"వేరేవాళ్లని నేను అడగలేనక్కా."

ఆ మాట ఎటువైపు నుంచి విన్నదో గానీ తోడికోడలు మెత్తబడింది. ఆఫీసువాళ్లు ఫొటో తీసి, మెళ్లో వేసుకునే కార్డు ఇచ్చారు: అధీకృత థర్డ్ పార్టీ. "ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఒక్కరు కూడా నాకు హోదా ఇచ్చిన పాపాన పోలేదు," అని కార్డుని కొంగుతో తుడుచుకుంది. పాపం, కళ్లు కూడా.

అలా పాలసీ వచ్చింది, గొలుసు ఊడింది. తోడికోడలు గొడుగు వేసుకుని దూరంగా ఓ పెద్ద బండ వెనక కుర్చీలో కూర్చుంది. "అమ్మాయ్, నెమ్మది! అయ్యో అయ్యో, అదేం గెంతు! మెడ విరుగుద్ది!" అంటూ అక్కణ్ణుంచే తన బాధ్యత నిర్వర్తించింది. డాక్టరమ్మ హెల్మెట్ కింద చెవుల్లో దూది కుక్కుకుంది. సగం సుఖమైనా దక్కిందిలే అనుకుంది.

తర్వాతి వారం అధికారి తనిఖీకి వచ్చాడు. కుర్చీని చూసి చాలా బాధపడ్డాడు.

"ఇంత దూరంలో కూర్చుంటే మీకు దెబ్బెలా తగులుతుందమ్మా?"

"తగలకూడదనే కూర్చున్నా నాయనా."

"అలా అయితే ఈ పాలసీ ఎందుకు? తగలడానికి సహేతుకమైన అవకాశం ఉండాలని నిబంధన." కుర్చీని తెచ్చి, బైకు ఎగిరి దిగే మట్టిదిబ్బ పక్కనే వేయించాడు. చుట్టూ సున్నంతో గీత కూడా గీయించాడు. దాంతో డాక్టరమ్మ ఎగరడం మానేసింది. దిబ్బ దగ్గరికి రాగానే బ్రేకు వేసి, బైకు దిగి, తోసుకుంటూ అవతలికి పోయి, మళ్లీ ఎక్కేది. తోడికోడలు మెచ్చుకుంది. "ఇలా నడిపితే ఎంత ముద్దుగా ఉందో!" అంది. డాక్టరమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో అనుకోని ప్రమాదం జరిగింది. కుర్చీ దగ్గరికి నడుస్తూ తోడికోడలు రాళ్లలో జారి మోకాలు చెక్కుకుంది. విభాగం ఉలిక్కిపడింది. అధీకృత థర్డ్ పార్టీకి బైకు వల్ల కాకుండా వేరే కారణంతో గాయమా! ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు గాయపడిపోతుంటే ఇక ఇన్సూరెన్స్ వ్యవస్థ ఏం కాను? అత్యవసర సమావేశం పెట్టి, ఆవిడ నడవడానికి కాలిబాట మంజూరు చేశారు. బాట మీద కంకర పోశారు. కంకర పోశాక తారు వేయకపోతే ఆడిటు వాళ్లు ఊరుకోరని తారు వేశారు. తారు రోడ్డు వంకరగా ఉంటే బాగోదని మట్టిదిబ్బని తవ్వేశారు, గుంటలు పూడ్చేశారు. మధ్యలో తెల్లగీతలు, అక్కడక్కడ స్పీడు బ్రేకర్లు. పని పూర్తయిన రోజు తోడికోడలి చేత రిబ్బను కత్తిరించారు.

ఆ ఆదివారం డాక్టరమ్మ బైకు వేసుకుని వెళితే గేటు బార్లా తెరిచి ఉంది. కాపలావాడు మాత్రం చేతులు అడ్డం పెట్టాడు.

"ఇప్పుడిది రోడ్డమ్మా. లైటూ నంబరూ లేని బండి రోడ్డెక్కకూడదు."

"పాలసీ ఉందయ్యా నాకు!"

"అది రోడ్డు లేని చోటుకమ్మా."

డాక్టరమ్మ అక్కడే బైకు దిగి, తారు మీద చతికిలబడి, బురద అంటని చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. తెల్లారి క్లినిక్కి తాళం వేసి తిన్నగా ఆఫీసుకి పోయింది.

"మీ వల్ల నా చోటు పోయిందండీ," అంది. "నాకంటూ ఉన్నది అదొక్కటే. అంతకన్నా నష్టం ఏముంటుంది? ఇన్సూరెన్స్ కట్టించుకున్నారు కదా, చెప్పండి, నాకేం దారి?"

అధికారి ఆవిడకి మంచినీళ్లు తెప్పించాడు. ఫైలు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా చదివాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు కూడా.

"మీ బాధ నాకర్థమైంది మేడం. కానీ ఇది థర్డ్ పార్టీ పాలసీ. మూడో మనిషికి జరిగితేనే దాన్ని నష్టం అంటారు. మీకు జరిగితే, దాన్ని మా ఆఫీసులో భద్రత అంటాం."