తాళాక్షరాలకు పురుడు

మానవజాతి భద్రత విషయంలో ఇంతవరకు మూడు మెట్లెక్కింది: భోషాణం, బీరువా, పంపుసెట్ల అర్జీల భద్రతా విభాగం. ఈ మూడో మెట్టును 1987లో ఆదోనిలో కట్టారు. (మొదటి రెండింటిలో పెట్టినవి మళ్లీ బయటికి వచ్చేవి. ఆ లోపం సవరించడానికే మూడోది.)

బావికి కరెంటు కోరిన రైతుల వరుస జాబితాను కాపాడడం ఈ విభాగం పని. పూర్వం ఆ జాబితా లావుపాటి రిజిస్టరులో ఉండేది. చదువొచ్చినవాడెవడైనా చదివేసేవాడు. ఇదెంత ప్రమాదమో కనిపెట్టిన విభాగం జాబితాను కంప్యూటరు టేపుకెక్కించి, అందులో అక్షరాలన్నీ తారుమారు చేయించి, రిజిస్టరును పంచనామాతో సహా తగలబెట్టింది. ఆ గందరగోళం మళ్లీ పేర్లుగా మారాలంటే ఎనిమిది తాళాక్షరాలు కొట్టాలి. మొదటి నాలుగు ఆదోని అధికారి భీమరావుకు తెలుసు, తర్వాతి నాలుగు ఎమ్మిగనూరు అధికారి వెంకోబారావుకు తెలుసు. ఒకరివి ఇంకొకరికి తెలియవు. (తెలిస్తే పని జరిగిపోవచ్చు.)

ఎమ్మిగనూరుకు రెండు కోసుల దూరంలో దేవమ్మకు రెండెకరాల మిరపచేను ఉంది. బావిలో నీళ్లున్నాయి. ఇంట్లో గోనెపట్టా కప్పుకొని మోటారు ఉంది. చేని గట్టుమీదే కరెంటు స్తంభం నిలబడి ఉంది. జాబితాలో తర్వాతి పేరు ఆమెదేనని లైన్‌మన్‌కు తెలుసు, ఊరికంతా తెలుసు. కానీ మనుషులకు తెలిసినదాన్ని బట్టి కరెంటు ఇవ్వరాదు, టేపు చెప్పాలి అని పద్నాలుగో నిబంధన. వాన మొహం చాటేసింది. దేవమ్మ బిందెతో మొక్కమొక్కకూ నీళ్లు పోస్తూ, మధ్యమధ్య ఎమ్మిగనూరు ఆఫీసుకు తిరుగుతూ ఉంది.

"టేపు తిప్పే పెట్టె వచ్చింది దేవమ్మా, కంప్యూటరూ వచ్చింది" అన్నాడు వెంకోబారావు సంతోషంగా. "రెంటికీ పొత్తు కుదరలేదంతే. పెట్టె తీగ కొసకూ ముళ్లే, కంప్యూటరుకూ ముళ్లే. ఒకదానికన్నా బొక్కలుండాల."

దేవమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇద్దురు పెండ్లికొడుకుల్ని తెచ్చి పీటల మీద కూసోబెట్నారా సామీ? పిల్లను సూసుకోల్లేదా?"

పెట్టెను కొన్న కమిటీ వేరు, కంప్యూటరును కొన్న కమిటీ వేరు అని వెంకోబారావు వివరించాడు. బొక్కల ముక్క కోసం హైదరాబాదుకు రాశారు. ఏ ముక్కో బొమ్మ గీసి పంపమని వాళ్లు తిరిగి రాశారు. ఆఫీసులో బొమ్మలు గీసే ఉద్యోగం ఖాళీగా ఉంది.

దేవమ్మ బజారుకు పోయి మోటార్లు చుట్టే మాదన్నను వెంటబెట్టుకొచ్చింది. అతను ముల్లుకు ముల్లు తీగతో అతికి, గంటలో పొత్తు కుదిర్చాడు. ఆ గంటసేపూ వెంకోబారావు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. (చూస్తే అనుమతి ఉందా అని అడగాల్సి వచ్చేది.)

ఇక మిగిలింది భీమరావు నాలుగక్షరాలు. దేవమ్మ ఆదోని బస్సెక్కింది.

భీమరావుది మంత్రాలయం దగ్గర మఠం సేవలో ఉన్న కుటుంబం. రహస్యమైన మాటను కాపాడే పద్ధతి ఆయన ఎరిగింది ఒక్కటే. పాత అధికారి రిటైరైననాడు తెల్లవారుజామున తలస్నానం చేసి, తూర్పుముఖంగా కూర్చుని, ఉత్తరీయం కప్పుకొని, ఆ నాలుగక్షరాలను కుడిచెవిలో ఉపదేశం పొందాడు. మరిచిపోకుండా రోజూ నూటెనిమిదిసార్లు జపిస్తున్నాడు.

"ఇప్పుడు వీల్లేదమ్మా, పురుడు" అన్నాడు. "మనుమడు పుట్టినాడు. పది దినాలు మంత్రం నోట రాకూడదు."

"సల్లగుండనీ సామీ! మంత్రం ఎవురడిగినారు? ఆ నాలుగచ్చరాలు కొట్టిపోండి, సాలు."

"ఉపదేశమైంది. జపమైంది. ఇంక మంత్రం కాక ఏమమ్మా అది?"

"పోనీ, కాయితమ్మీద రాసియ్యండి."

"హరిహరీ! రాస్తే రహస్యమేముంది?"

"పది దినాలకు నా సేను బూడిదైపోతాది సామీ! బిందె మోసి మోసి నడుం ఇరిగిపోతాండాది, నీకు కనపడల్యా?" అని దేవమ్మ అక్కడే కూలబడి బోరున ఏడ్చింది.

భీమరావు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒక దారి ఉండేది.

పదకొండో రోజు శుద్ధి చేసుకుని, మడిబట్టలు మూటగట్టుకుని భీమరావు ఎమ్మిగనూరులో దిగాడు. ఎన్ని చేతులు పడ్డాయో అని కంప్యూటరు మీటలపై తులసినీళ్లు చల్లబోతే వెంకోబారావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చివరికి ఒక కంబళి కింద దూరి ఒకరి తర్వాత ఒకరు తమ నాలుగక్షరాలు కొట్టారు. పెట్టె గుర్రుమంది. తెరమీద మొదటి పేరు వెలిగింది: దేవమ్మ.

"నీదే మొదటి నంబరు!" అన్నారు ఇద్దరూ ఆశ్చర్యంగా.

"అది నాకు ఎరికే గద సామీ" అంది దేవమ్మ.

ఆ సాయంత్రమే లైన్‌మన్ స్తంభమెక్కాడు. మోటారు తిరిగింది, నీళ్లు కాలువ పట్టి చేనంతా పారాయి. మిరపమొక్కలు చెయ్యి తగిలితే పుటుక్కున విరిగాయి. వాటిని పొయ్యిలోకి తప్ప దేనికీ వాడలేరు. దేవమ్మ ఒక మొక్క పీకి తెచ్చి, మర్నాడు ఆదోని ఆఫీసులో భీమరావు బల్లమీద పెట్టింది.

భీమరావు అప్పుడు హైదరాబాదుకు భద్రతా నివేదిక రాస్తున్నాడు. 'టేపు: క్షేమం. జాబితా: క్షేమం. తాళాక్షరాలు: క్షేమం. నష్టం: ఏమీ లేదు.'

"ఏమీ లేదా? రెండెకరాల మిరప ఎండిపాయ కద సామీ! అది రాయవా?"

భీమరావు ఎండిన మొక్కను చూశాడు, నివేదికను చూశాడు, మళ్లీ మొక్కను చూశాడు. ఎంతో మెత్తగా చెప్పాడు.

"టేపులో లేనిది పోయేదానికి వీల్లేదమ్మా."